కోతల మేస్త్రి నిజాలు చెప్పిన మూడు రోజులు

తాళాల మేస్త్రికి తుంటి ఎముక ఎలా విరిగిందనే విషయం మీద మూడు కథలున్నాయి. మూడూ మేస్త్రి సొంతవే. అంబులెన్సు డ్రైవరుకు చెప్పిన కథలో నాలుగు క్వింటాళ్ళ ఇనప్పెట్టె ఒకటి బల్ల మీంచి జారుతుంటే మేస్త్రి దాన్ని తుంటితో ఆపాడు. ఎక్స్‌రే గది చేరేసరికి ఆ పెట్టె ఆరు క్వింటాళ్ళకు పెరిగింది. ఎముకల డాక్టరు వచ్చే వేళకు పది క్వింటాళ్ళయి, దాని కింద నలిగిపోబోయిన కస్టమరు చంకలో ఓ పసిబిడ్డ కూడా చేరింది. నొప్పికి మొహం సున్నం కొట్టినట్టు పాలిపోయినా, ఆ బిడ్డ వేసుకున్న గౌను రంగు మాత్రం మేస్త్రి మర్చిపోలేదు. గులాబీ రంగు.

ఎముకల డాక్టరు అంతా ఓపిగ్గా విని, కాగితం మీద "కింద పడ్డారు" అని రాసుకున్నాడు.

"అంతేనా?" అన్నాడు మేస్త్రి. తుంటి విరిగినప్పుడు రాని కన్నీళ్ళు ఆ రెండు మాటలు చూశాక వచ్చాయి.

పక్కనే ఉన్న ఆయన భార్య ఆ కాగితాన్ని ఆసాంతం చదువుకుంది. ఆవిడ ప్రెస్సులో ముప్పై ఒక్క ఏళ్ళు ప్రూఫులు దిద్దిన మనిషి. ఓటర్ల జాబితాల దగ్గర్నుంచి దగ్గు మందు సీసాల చీటీల దాకా ఆవిడ చూడందే మిషనెక్కేవి కావు. కామా ఒకటి ఒక పక్కకి ఒరిగితే వీధి చివర్నుంచే పట్టేసేదని చెప్పుకునేవారు. అందుకే వీధంతా ఆవిడని దిద్దుళ్ళమ్మ అనేది. ఉద్యోగంలో ఆవిడకో కట్టుబాటు ఉండేది. అచ్చుతప్పు దిద్దాలి, రాసినవాడి అబద్ధం దిద్దకూడదు. కాపురంలోనూ అదే పాటించింది. నలభై మూడేళ్ళ కాపురం పెచ్చు ఊడకుండా నిలబడిందంటే ఆ పునాది మీదే.

దిద్దకపోయినా చదవడం మానలేదు. మొగుడి కోతల్లో ఆవిడ కనిపెట్టిన నియమం ఒక్కటే. అంకెలు పెరుగుతాయి, తగ్గవు. మేస్త్రి బ్యాంకు స్ట్రాంగ్‌రూము తెరిచిన కథ పెళ్ళయిన కొత్తలో విన్నప్పుడు లోపల ఇరుక్కున్నది మేనేజరూ నలుగురు గుమాస్తాలూ. ఇప్పుడు గుమాస్తాలు ఇరవై ఏడుగురు, పైగా ఓ కుక్క. ఏ ఏడూ ఇరవై ఏడు ఇరవై ఆరు కాలేదు. కొందరికి గంట గంటకీ జ్వరం చూసి రాసుకునే అలవాటుంటుంది, ఈవిడకి ఇది.

మేస్త్రి షాపు గొడుగుల షాపుకీ జిరాక్సు షాపుకీ మధ్య ఇరుక్కుని ఉండేది. లోపల నిలబడి రెండు చేతులూ చాపితే రెండు గోడలూ అందేవి. గోడల నిండా కోత పడని తాళంచెవులు, బల్లకి బిగించిన వైసు, ఆకురాళ్ళ డబ్బా. ఇవన్నీ ఒక ఎత్తు, కౌంటరు మీద ఎప్పుడూ మూత తెరిచి ఉండే ఉక్కు పెట్టె ఒక ఎత్తు. దానికి ముందువైపు ఐదు అంకెల చక్రాలు. మూత ఒక్కసారి పడిందా, మేస్త్రి తప్ప దేవుడు దిగొచ్చినా తెరవలేడని ఆయన వచ్చిన కస్టమరుకల్లా చెప్పేవాడు. అప్పుడప్పుడూ మూత ధడాల్న మూసి, పెట్టెని పొట్టకి ఆనించుకుని, చక్రాలు కిర్రు కిర్రున తిప్పి, రెప్పపాటులో తెరిచి చూపించేవాడు. నంబరు అడిగితే అడిగినవాడికల్లా ఓ నంబరు చెప్పేవాడు. ఏదీ పనిచేసేది కాదు.

ఇక అల్లుడు. చాలా మంచివాడు. ఎండాకాలంలో గొడుగూ రెయిన్‌కోటూ రెండూ వెంట తీసుకెళ్ళేంత మంచివాడు. ఇంటికి తాళం వేసి, లాగి చూసి, వీధి మలుపు దాకా వెళ్ళి వెనక్కి వచ్చి మళ్ళీ లాగి చూసేవాడు. మేస్త్రి ఆయనకి ముందుజాగ్రత్త అని పేరు పెట్టాడు. ఆ పేరు ఎంత స్థిరపడిందంటే, ఆయన భార్య, అంటే మేస్త్రి కూతురు కూడా విసుగొచ్చినప్పుడు "ఏవండీ ముందుజాగ్రత్తగారూ" అనేది.

ఆపరేషన్ మంగళవారం అన్నారు. ఆ పొద్దున్న మత్తు ఇచ్చే డాక్టరమ్మ వచ్చి స్టూలు లాక్కుని మేస్త్రి పక్కన కూర్చుంది.

"పెద్దాయనా, ఇవాళ ఏ రోజు?"

"మంగళవారం. నేను తెరిచిన మొదటి స్ట్రాంగ్‌రూము కూడా మంగళవారమే. లోపల ఇరవై ఏడుగురు..."

"ఇప్పుడు ఎక్కడున్నారు?"

"ఆసుపత్రిలో. మీ మెయిన్ గేటు తాళం ఎవడు వేశాడోగానీ, పంటి పుల్లతో తీసేస్తా."

"నూరులోంచి ఏడు తీసేస్తూ చెప్పండి."

"తొంభై మూడు, ఎనభై ఆరు, డెబ్భై తొమ్మిది, డెబ్భై రెండు, అరవై ఐదు... ఎంతదాకా? ఇది పిల్లలాట. వెయ్యిలోంచి మొదలెట్టనా?"

డాక్టరమ్మ నవ్వుతూ రాసుకుని, కాగితం దిద్దుళ్ళమ్మకి చూపించింది. "అన్నీ తెలుసు. జవాబులు పొడుగు" అని ఉంది.

"తప్పుల్లేవమ్మా," అంది దిద్దుళ్ళమ్మ.

డాక్టరమ్మ గొంతు తగ్గించింది. "ఈ వయసులో పెద్ద ఆపరేషన్ అయ్యాక ఒక్కోసారి మనిషి ముందొచ్చేస్తాడు, తెలివి వెనకబడుతుంది. ఎక్కడున్నారో తెలియదు, పొంతన లేకుండా మాట్లాడతారు, లేదా పగలంతా మగతగా పడుంటారు. చాలామందికి కొన్ని రోజుల్లో సర్దుకుంటుంది. కొందరికి నెలలు పడుతుంది, కొందరికి కొంత తిరిగి రాదు కూడా. రాకుండా ఆపే మాత్రేదీ లేదు. ఉన్నవన్నీ చిన్న చిన్న పనులు, చేస్తేనే లాభం. బయటికి రాగానే కళ్ళజోడు, చెవి మిషను, పళ్ళసెట్టు పెట్టెయ్యండి. పగలు వెలుతురుండాలి, రాత్రి నిద్ర పోనివ్వాలి. మర్నాడే లేపి కూర్చోబెడతాం, నడిపిస్తాం. నీళ్ళు తాగించండి, కబుర్లు చెప్పండి, ఏ రోజో ఎక్కడున్నారో చెబుతూ ఉండండి. నిద్రమాత్రలు మాత్రం మీ అంతట మీరు ఇవ్వొద్దు. మనిషిలో ఏ తేడా కనిపించినా మాకు చెప్పండి. మీకు తెలిసినంతగా ఆయన మాకు తెలియదు కదా."

"నోట్ చేసుకున్నానండీ," అన్నాడు అల్లుడు. నిజంగానే చేసుకున్నాడు. ఫోనులో పదకొండు పాయింట్లు, అంకెలు వేసి మరీ. నోట్ చేసుకోవడంతోనే తన బాధ్యత తీరిందనుకునే జాతి మనుషులుంటారు, ఆయన ఆ జాతికి పెద్ద దిక్కు.

ఆపరేషన్ గది తలుపు దగ్గర సిస్టరు మేస్త్రి కళ్ళజోడూ, చెవి మిషనూ, పళ్ళసెట్టూ ఒక ప్లాస్టిక్ కవరులో వేసి అల్లుడి చేతికిచ్చింది. "ఇవి దగ్గరే ఉంచండి సార్, రాగానే కావాలి."

ప్లాస్టిక్ కవరు! అల్లుడి ఒళ్ళు జలదరించింది. ఆసుపత్రుల్లో ఎన్ని పళ్ళసెట్లు పోవడం లేదు! ఆయన ఊరికే రాలేదు, పొద్దున్నే షాపు తెరిచి కౌంటరు మీది ఉక్కు పెట్టెని సంచిలో పెట్టుకొచ్చాడు. మూడింటినీ గుడ్డలో చుట్టి అందులో పెట్టాడు. మూత వేశాడు. టప్‌మంది. లాగి చూశాడు. రాలేదు. హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు.

ఆ హాయి మెట్లు దిగేంతవరకే ఉంది. నంబరు ఎవరికి తెలుసు అన్న ప్రశ్న అప్పుడు తట్టింది. అప్పటికి మేస్త్రి మత్తులో ఉన్నాడు.

ఆపరేషన్ బాగా జరిగింది. ఎముక అతికించి, ఎముకల డాక్టరు తన పని ముగించి వెళ్ళిపోయాడు. ప్రేమ తన పని మొదలుపెట్టింది. మామగారికి విశ్రాంతి కావాలని అల్లుడు కిటికీ కర్టెన్లు మూసేశాడు. "పేషెంటుతో మాట్లాడరాదు" అని కాగితం రాసి మంచానికి అంటించాడు. సాయంత్రం కాస్త కదులుతున్నాడని తన జేబులోంచి ఓ నిద్రమాత్ర తీసి, "మా ఆఫీసులో అందరూ వేసుకునేదే" అంటూ నోట్లో వేశాడు. దిద్దుళ్ళమ్మ కళ్ళజోడు అడిగింది.

"భద్రంగా ఉన్నాయి అత్తయ్యగారూ."

"చెవి మిషనో?"

"అదీ భద్రమే."

బుధవారం పొద్దున్న సిస్టరు బీపీ చూస్తూ, మేస్త్రి కుడిచెవి దగ్గర నోరు పెట్టి అరిచింది. ఆ చెవిలోకి పదింట మూడు మాటలు వెళ్తాయి. "ఎలా పడ్డారు తాతగారూ?"

మేస్త్రి సీలింగు వైపు చూస్తూ, బోసినోటితో, వాన వెలిసిన చూరులా ఒక్కో మాటా జారవిడిచాడు. "చెప్పు తెగింది. ఎడం కాలిది. కుట్టించుకోమని మా ఆవిడ చెప్పింది. కుట్టించుకోలేదు. జారిపడ్డాను."

కూతురు తేలిగ్గా నవ్వింది. "చూశావా అమ్మా, నాన్న ఎంత బుద్ధిగా మాట్లాడుతున్నాడో!"

దిద్దుళ్ళమ్మ మొగుడి నుదురు తాకి చూసింది. "ఈయనకేదో అయిందే."

"ఏమైంది? నిజమే చెప్పాడుగా?"

"నేనూ అదే అంటున్నా."

ఆవిడ నేరుగా సిస్టర్ల బల్ల దగ్గరికి వెళ్ళి, మా ఆయన పొద్దున్నుంచి నిజాలు చెబుతున్నాడు, కాస్త డాక్టరమ్మకి చెప్పండి అని కంప్లయింటు ఇచ్చింది. ఆ బల్ల దగ్గర భర్తల మీద రకరకాల కంప్లయింట్లు వచ్చి ఉంటాయి. ఇలాంటిది మాత్రం మొదటిసారి. సిస్టర్లు ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకుని నవ్వాపుకున్నారు. అయినా ఒకామె రాసి పెట్టింది. డాక్టరమ్మకి ఆ రోజు సెలవు.

గురువారం మేస్త్రి మరీ మెత్తబడ్డాడు. పగలంతా మగత. మెలకువ వస్తే దుప్పటి అంచు పట్టుకుని ఆకురాయితో రుద్దుతున్నట్టు రుద్దేవాడు. పైన తాళంచెవులు వేలాడుతున్నాయనేవాడు. దిద్దుళ్ళమ్మ తల ఎత్తి చూసింది. కర్టెన్ కడ్డీకి ఇనుప కొక్కేలు. కళ్ళజోడు లేకపోతే ఎవరికైనా తాళంచెవుల్లాగే ఉంటాయి. కళ్ళకి కనిపించిందే చెబుతున్నాడు పాపం, అనుకుంది.

మధ్యాహ్నం గొడుగుల షాపాయన చూడ్డానికి వచ్చాడు. ఇరవై ఏళ్ళుగా స్ట్రాంగ్‌రూము కథని మేస్త్రి లేని చోట కూడా చెబుతూ పేరు తెచ్చుకున్న మనిషి. అంటించిన కాగితం చూసీ చూడనట్టు మేస్త్రి కుడిచెవి దగ్గరికి వంగాడు.

"బావా! ఇరవై ఏడు మందిని కాపాడిన చేతులయ్యా నీవి. నీకేం కాదు!"

"ఎవరిని?"

"అదే, స్ట్రాంగ్‌రూములో గుమాస్తాల్ని!"

"ఎవరూ లేరు. అందరూ భోజనానికి వెళ్ళారు. తలుపుకి తాళం కూడా లేదు. హ్యాండిలు పైకి తిప్పాలి, మేనేజరు కిందికి తిప్పుతున్నాడు. నేను పైకి తిప్పాను."

"మరి కుక్క?"

"ఏ కుక్క?"

గొడుగులాయన మొహం సొంత తమ్ముడు పోయినవాడిలా అయింది. తెచ్చిన పళ్ళు బల్ల మీద పెట్టి, తల వంచుకుని, గొడుగు మర్చిపోయి వెళ్ళిపోయాడు. గొడుగుల షాపాయన గొడుగు మర్చిపోవడం ఆ వీధి చరిత్రలో అదే మొదలు.

అల్లుడు తల అడ్డంగా ఊపాడు. "అత్తయ్యగారూ, మనసు రాయి చేసుకోండి. మామయ్యగారికి మతి పోయింది. అంత పెద్ద సంఘటన! ఇరవై ఏడు మంది ప్రాణాలు! ఒక్కరు గుర్తు లేరంటే చూడండి."

జేబులోంచి ఒక కాగితం తీశాడు. మతి తప్పిన పెద్దవాళ్ళని ఉంచుకునే చోటు అట. శనివారం పదింటికి పెద్ద డాక్టరు వచ్చి చూసి సంతకం పెడితే ఆసుపత్రి నుంచి అటే తీసుకెళ్ళిపోతారు. షాపు ఖాళీ చేసే సంగతి తను చూసుకుంటాడు. "మీరు ఒక్కరూ ఏం చేస్తారు ఇంట్లో ఆయన్ని పెట్టుకుని? అక్కడైతే ప్రతి తలుపుకీ తాళం అత్తయ్యగారూ. బయటికి వెళ్ళే ప్రమాదమే లేదు. భద్రం."

జీవితమంతా తలుపులు తెరిచిన మనిషిని అన్ని తలుపులూ మూసిన చోట. దిద్దుళ్ళమ్మ ఆ కాగితాన్ని అల్లుడి జేబులోకే తోసేసింది. ఏడవలేదు. "ముందు కళ్ళజోడు ఇవ్వు," అంది.

"భద్రంగా..."

"ఎక్కడ భద్రంగా?"

అల్లుడు మూసిన కర్టెన్ అంచు మళ్ళీ సర్దాడు. కూతురు ఇక ఆగలేకపోయింది. "పెట్టెలో పెట్టి మూసేశారమ్మా! నాన్న పెట్టెలో! రెండు రోజులుగా కారు డిక్కీలో స్టెప్నీ టైరు కింద ఉంది. కూర్చుని సున్నాల నుంచి వరసగా తిప్పుతున్నారు. నాలుగు వేల మూడొందల దాకా వచ్చారు, ఇంకా తొంభై ఐదు వేలున్నాయి. అవతలి వీధి తాళాలాయన్ని పిలిచాం. డ్రిల్లు పెడితే లోపల చెవి మిషను పిండైపోద్దన్నాడు. కొత్త కళ్ళజోడుకి వారమంట, చెవి మిషనుకి ఇంకా ఎక్కువంట." ముక్కు చీదింది. "పెట్టె తెరవాలంటే నాన్నకి తెలివి రావాలి. నాన్నకి తెలివి రావాలంటే పెట్టె తెరవాలి."

దిద్దుళ్ళమ్మ అల్లుడి వైపు చూసింది. వెయ్యి కాపీలు అచ్చయ్యాక అట్ట మీద తప్పు దొరికినప్పుడు ప్రెస్సు యజమానిని ఎలా చూసేదో అలా చూసింది. అంతే. అల్లుడు డిక్కీలోంచి పెట్టె తెచ్చి సంచితో సహా మంచం కింద పెట్టాడు.

ఆ సాయంత్రం డాక్టరమ్మ రాసి పెట్టిన కంప్లయింటు చదువుకుంది. అందరూ నవ్విన దానికి ఆవిడ నవ్వలేదు. నేరుగా మంచం దగ్గరికొచ్చింది.

"ఈ కర్టెన్ ఎవరు మూశారు?"

అల్లుడు ఫోనులోకి చూసుకున్నాడు. ఆవిడే సర్రున లాగింది. వెలుతురు వచ్చి మంచం మీద పడింది. "మాట్లాడరాదు" అన్న కాగితం పీకి ఉండచుట్టింది. నిద్రమాత్ర సంగతి విని అల్లుడి మీద అగ్గి మీద గుగ్గిలమైంది. "మీరు నోట్ చేసుకున్నారుగా?"

"ఏడో పాయింటండీ," అన్నాడు అల్లుడు నీరసంగా, ఫోను చూపిస్తూ.

రక్తం, ఉప్పు, ఇన్ఫెక్షన్, అన్నీ పరీక్షకి పంపింది. యూరిన్ పైపు ఇక అక్కర్లేదని తీయించింది. ఇద్దరు పట్టుకుని మేస్త్రిని లేపి కుర్చీలో కూర్చోబెట్టారు. వెళ్ళబోతూ డాక్టరమ్మ దిద్దుళ్ళమ్మ భుజం మీద చెయ్యేసింది. "మీరు చెప్పకపోతే బుద్ధిమంతుడైన పేషెంటనుకునేవాళ్ళం. మెదడు తడబడుతోంది, పోలేదు. ఎప్పటికి సర్దుకుంటుందో ఇప్పుడే చెప్పలేను. మీ పని మీరు చేయండి."

దిద్దుళ్ళమ్మ చేసింది. శుక్రవారం పొద్దున్నే షాపుకి వెళ్ళి మేస్త్రి బోర్డు ఊడదీయించింది. దాని వెనక సున్నంతో పళ్ళెమంత అక్షరాలు రాసి వార్డులోకి మోయించింది. "ఇది ఆసుపత్రి. తుంటికి ఆపరేషన్ అయింది. ఇవాళ శుక్రవారం." మేస్త్రి కళ్ళు చిట్లించి, పెదాలు కదుపుతూ చదివాడు. అరగంట తర్వాత మర్చిపోయాడు. మళ్ళీ చదివించింది. పక్క మంచాల వాళ్ళకి కూడా ఆ రోజు శుక్రవారమని జన్మలో మర్చిపోలేనంత బాగా తెలిసిపోయింది.

పదకొండింటికి డాక్టరమ్మ వచ్చి తన స్టెతస్కోపు తీసి మేస్త్రి చెవులకి పెట్టింది. రెండో కొస దిద్దుళ్ళమ్మ చేతికిచ్చింది. "దీంట్లో మాట్లాడండి. అరవక్కర్లేదు."

మూడు రోజుల్లో మొదటిసారి భార్య గొంతు లోపలికంటా వెళ్ళింది. మేస్త్రి ఉలిక్కిపడ్డాడు.

"ఏవండీ, నేనెవరు?"

చాలాసేపు చూశాడు. "ముగ్గురు నన్ను వద్దన్నారు. నువ్వొక్కదానివే సరేనన్నావు."

కూతురు తల్లి వైపు చూసింది. తొమ్మిది సంబంధాలు కాలదన్ని ఈవిడని ఏరుకున్నానని కదా ఇంట్లో పాఠం! దిద్దుళ్ళమ్మ స్టెతస్కోపు కొసని రెండు వేళ్ళతో గట్టిగా పట్టుకుంది. ఆ ముగ్గురి సంగతి ఆవిడకి ఎప్పుడో తెలుసు, దిద్దలేదంతే. కళ్ళు తుడుచుకోబోయి ఆగిపోయింది.

మూడు రోజులుగా ఈయన చెప్పినవన్నీ వరసగా గుర్తొచ్చాయి. చెప్పు. హ్యాండిలు. ముగ్గురు. పైన తాళంచెవులన్నచోట కూడా నిజంగానే కొక్కేలున్నాయి. ఒక్క మాటా కల్పన కాదు. కోతలు కోయాలంటే తెలివి కావాలి. ఆ తెలివి ఇప్పుడు లేదు, నిజం మాత్రం మిగిలింది. ఇంతమంది మతి పోయిందని ఏడుస్తూ కూర్చున్నారుగానీ, జవాబు చెప్పగలిగిన మనిషిని ప్రశ్న అడిగిన పాపాన ఎవరూ పోలేదు.

"కౌంటరు మీద పెట్టె ఉంది కదండీ. దాని నంబరేమిటి?"

"నంబరు లేదు."

"చూశారా," అన్నాడు అల్లుడు.

"లేకపోతే ఎలా తెరుస్తారు?"

"కింద రబ్బరు కాళ్ళున్నాయి. వెనక ఎడమ కాలు నొక్కు. మూత లేస్తుంది. చక్రాలు ఊరికే తిరుగుతాయి, లోపల దేనికీ తగలవు. చెయ్యాలని చూశా. ఆరు నెలలు చూశా. చేతకాలేదు." కళ్ళు మూసుకున్నాడు. "ఎవరికీ చెప్పకు."

అల్లుడు జాలిగా నిట్టూర్చాడు. "తన జీవితంలో చేసిన గొప్ప వస్తువునే మర్చిపోయారు. ఇక శనివారం సంతకమే..."

దిద్దుళ్ళమ్మ పెట్టె అడిగింది. అల్లుడు మంచం కింద సంచిలోంచి తీసి ఇచ్చాడు. ఆవిడ వాళ్ళందరికీ వీపు పెట్టి, పెట్టెని పొట్టకి ఆనించుకుంది. మేస్త్రి చూపించేటప్పుడు ఎలా పట్టుకునేవాడో అలాగే. ఒక చేత్తో చక్రాలు కిర్రు కిర్రున తిప్పింది. రెండో చేతి బొటనవేలు ఎక్కడుందో ఎవరూ చూడలేదు.

టప్‌మంది.

"నంబరు!" అల్లుడు లేచి నిలబడ్డాడు. "అత్తయ్యగారూ, మీకు నంబరు తెలుసా?"

"చెప్పాడుగా," అంది ఆవిడ. గుడ్డ విప్పింది. పళ్ళు కడిగి పెట్టింది, చెవి మిషను పెట్టింది. కళ్ళజోడు తన కొంగుతో తుడిచి పెట్టింది.

మేస్త్రి చుట్టూ చూశాడు. కొక్కేలు చూశాడు. బోర్డు చూశాడు. "నా బోర్డు తిరగేశారెవరు?" అన్నాడు.

అక్కడితో అంతా సర్దుకుందని చెప్పి చెయ్యి దులుపుకోవచ్చు. కానీ తెలివి గొళ్ళెం తీసినట్టు టక్కున రాదు, వచ్చి మళ్ళీ వెళ్తుంది. శుక్రవారం సాయంత్రం మేస్త్రి కూతుర్ని కస్టమరనుకుని, మీ బీరువా తాళం రేపు ఇస్తానమ్మా అన్నాడు. శనివారం పదింటికి పెద్ద డాక్టరు కాగితంతో వస్తే, ఆయనకి అది ఏ రోజో తెలియలేదు. డాక్టరమ్మ అడ్డుపడి సోమవారం దాకా గడువు తీసుకుంది. ఆ రెండు రోజులూ దిద్దుళ్ళమ్మ కుర్చీ వదల్లేదు. నీళ్ళు తాగించింది, బోర్డు మీద రోజు మార్చింది, పగలు నిద్రలోకి జారకుండా వీధి కబుర్లు చెప్పింది. గొడుగులాయన్ని పిలిపించి ఎదురుగా కూర్చోబెట్టింది. అల్లుడికి వాకరు పక్కన నడిచే పని ఇచ్చింది. ఆయన వాకరు మీద ఒక చెయ్యీ, మామగారి నడుం మీద ఒక చెయ్యీ వేసి, పడితే పట్టుకోవడానికి ఇంకో చెయ్యి లేదే అని బెంగపడుతూ నడిచాడు.

ఆదివారం పొద్దున్న మేస్త్రి కిటికీ దాకా వెళ్ళి వచ్చాడు. దిద్దుళ్ళమ్మ లెక్కపెట్టింది. ఎనిమిది అడుగులు.

సిస్టరు అడిగింది, "ఎన్ని అడుగులేశారు తాతగారూ?"

"పద్దెనిమిది," అన్నాడు మేస్త్రి.

దిద్దుళ్ళమ్మ మొహం వెలిగిపోయింది. కూతుర్ని చెయ్యి పట్టి పక్కకి లాగింది. "పెరిగిందే!"

సోమవారం పెద్ద డాక్టరు, డాక్టరమ్మ, కాగితం, అందరూ మంచం చుట్టూ చేరారు.

"ఏ రోజు?"

"సోమవారం. బోర్డు చూడకుండానే చెప్పా, గమనించుకోండి."

"ఎలా పడ్డారు?"

మేస్త్రి దిండు సర్దుకున్నాడు, కళ్ళజోడు పైకి తోసుకున్నాడు. "పన్నెండు క్వింటాళ్ళ ఇనప్పెట్టె సార్. కింద కస్టమరు. ఆవిడ చంకలో కవలలు..."

అల్లుడు నుదురు కొట్టుకున్నాడు. "మళ్ళీ మొదటికొచ్చింది! బుధవారమే నయం, చెప్పు తెగిందన్నా అన్నారు."

డాక్టరమ్మ ఫైలులోంచి ఆపరేషన్ ముందటి కాగితం తీసి పెద్ద డాక్టరు ముందు పెట్టింది. "అన్నీ తెలుసు. జవాబులు పొడుగు." పెద్ద డాక్టరు కాగితాన్నీ మనిషినీ మార్చి మార్చి చూశాడు.

"నూరులోంచి ఏడు?"

"తొంభై మూడు, ఎనభై ఆరు, డెబ్భై తొమ్మిది..." మేస్త్రి ఆగాడు. వేళ్ళు దుప్పటి మీద కదిలాయి. "డెబ్భై... మిగతావి రేపు చెబుతా. ఇవాళ మీకింతే చాలు."

అక్కడ ఆగిన సంగతి దిద్దుళ్ళమ్మ చదువుకుంది. డాక్టరమ్మ కూడా చదువుకుంది. "నెలకి మళ్ళీ చూద్దాం," అని రాసింది. "అప్పటికి డెబ్భై రెండు కూడా రావచ్చు, చూద్దాం. మనిషి మాత్రం ఇంటికే." అల్లుడి చేతిలోని, మతి తప్పినవాళ్ళ చోటు కాగితం పెద్ద డాక్టరు సంతకం లేకుండానే మడత పడింది.

షాపుకి మేస్త్రి మూడు వారాల తర్వాత భార్య తోడుగా వాకరుతో వచ్చాడు. బోర్డు యథాస్థానంలో ఉంది, వెనక సున్నం అలాగే ఉంది. ఉక్కు పెట్టె కౌంటరు మీద ఉంది. కూర్చోగానే ఆయన మొదట చూసింది దాన్నే. గొడుగులాయన టీ చెప్పడానికి వెళ్ళేదాకా ఆగి, గొంతు తగ్గించాడు. ఆయన గొంతు తగ్గించడం అరుదు.

"ఇదిగో, నిన్నే. పెట్టె తెరిచావట?"

"తెరిచాను."

"ఎలా?" ఆ ఒక్క మాటలో నలభై ఏళ్ళ పరువు బిక్కుబిక్కుమంటూ నిలబడి ఉంది.

దిద్దుళ్ళమ్మ కౌంటరు తుడుస్తూ పెట్టెని కాస్త పక్కకి జరిపింది. ముప్పై ఒక్క ఏళ్ళలో ఒక్క అక్షరం కల్పించి రాయని మనిషి. "నంబరు మీరే చెప్పారుగా. నాలుగు, ఒకటి, తొమ్మిది, సున్నా, రెండు."

మేస్త్రి ఆవిడ మొహంలోకి చూశాడు. ఆవిడ తుడవడం ఆపలేదు.

"అదే," అన్నాడు మేస్త్రి మెల్లగా. మళ్ళీ గొంతు సవరించుకున్నాడు. అప్పుడే టీ గ్లాసులతో లోపలికొస్తున్న గొడుగులాయనకి వినపడేలా, వీధి చివరిదాకా వినపడేలా అందుకున్నాడు. "విన్నావా బావా? మత్తులో ఉండి కూడా నంబరు మర్చిపోలేదయ్యా నేను! అప్పుడు నా చుట్టూ పదకొండు మంది డాక్టర్లు..."

"పదమూడు," అంది దిద్దుళ్ళమ్మ.